రేపల్లె నుంచి మూడక్షరాలు

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. ఇది చదివాక నాకు నమ్మకం కుదిరిందని కొందరు అనుకుంటారు కనుక ముందే చెబుతున్నాను, ఇప్పటికీ లేదు.

నేను తెనాలి తంతి ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అక్కడ మూల బల్ల మీది యంత్రం వానాకాలంలో తనంతట తనే టకటకమనేది. ఎప్పుడో పోయిన ఆపరేటరు ఒకాయన ఇంకా డ్యూటీ చేస్తున్నాడని పెద్దవాళ్ళు చెప్పుకునేవారు. నేను మూత విప్పి చూశాను. లోపల చీమలు పట్టి ఉన్నాయి. చీమల్ని తుడిచేశాక ఆపరేటరు గారి డ్యూటీ కూడా అయిపోయింది.

అప్పటి నుంచి రోజూ డైరీ రాస్తున్నాను. వాన పడితే పడిందని, పాలు విరిగితే విరిగాయని. ఉన్నదానికి రంగు పూయడం నాకు చేతకాదు. ఈ సంగతి కూడా ఆ అలవాటు ప్రకారమే రాస్తున్నాను.

ముందు మా ముగ్గురి గురించి చెప్పాలి. నేను, రేపల్లె రాజ్యలక్ష్మి, బాపట్ల సుబ్బారావు గారు. ముగ్గురం తంతి వాళ్ళమే. రాజ్యం, నేను ఒకే బ్యాచిలో ట్రైనింగు అయ్యాం. ఆమెకు రేపల్లె ఇచ్చారు, నాకు తెనాలి. తీగకు ఆ కొసన ఆమె, ఈ కొసన నేను. ఉద్యోగమంతా అలాగే గడిచింది. సుబ్బారావు గారు మా తర్వాత చాలా ఏళ్ళకు వచ్చారు. టెలిగ్రాములకు రోజులు దగ్గర పడ్డాయని అందరికంటే ముందు పసిగట్టి కంప్యూటర్లు నేర్చుకున్న మనిషి.

రిటైరయ్యాక మా ఇద్దరికీ నల్ల తెర పని నేర్పింది ఆయనే.

మౌసు పట్టుకుని బొమ్మల మీద నొక్కడం నాకు ఇష్టం ఉండదు. ఎక్కడ నొక్కితే ఏది తెరుచుకుంటుందో తెలియదు. సుబ్బారావు గారు చూపించింది వేరు. నల్లటి తెర, దాని మీద మినుకుమినుకుమనే ఒక గీత. చెప్పదలచుకున్నది టైపు చేసి ఫైలుగా దాచుకోవాలి. తర్వాత ఆ తెర మీద చిన్న కమాండు, దాని పక్కన ఫైలు పేరు కొట్టి ఎంటరు నొక్కాలి. మన రాత ఇంటర్నెట్లోకి ఎక్కుతుంది, వెంటనే కింద ఒక లింకు వస్తుంది. ఆ లింకు ఎవరికి పంపితే వాళ్ళు చదువుకోవచ్చు. ఇంకో కమాండు కొడితే ఇంతవరకూ ఎక్కించినవన్నీ వరసగా కనిపిస్తాయి. పాతవి పైన, కొత్తవి కింద. అంతే. కొట్టింది పోతుంది, అందినట్టు జవాబు వస్తుంది. మా పాత పనే.

ఎవరు పంపారో తెలియడానికి సుబ్బారావు గారు ముగ్గురికీ మూడు తాళంచెవులు ఇచ్చారు. ఇనప తాళంచెవులు కావు. అడ్డదిడ్డంగా ఉండే పొడుగాటి అక్షరాల వరస, ఎవరిది వారి కంప్యూటర్లోనే ఉంటుంది. నా కంప్యూటర్ నుంచి పంపితే రాత మీద తెనాలి అని పడుతుంది. వాళ్ళవి రేపల్లె, బాపట్ల.

మా ఆయన రైసు మిల్లులో గుమస్తాగా చేసి రిటైరయిన మనిషి. ఇంటికి ఎవరొచ్చినా, "గవర్నమెంటు మూసేసిన ఆఫీసుని మా ఆవిడ పడగ్గదిలో తెరిచిందండి. జీతం మాత్రం లేదు" అని చెప్పేవారు.

మేం రాసుకునేవి గొప్ప సంగతులు కావు. కాలవకు నీళ్ళు వదిలారా, నందివెలుగు రోడ్డు బాగుచేశారా, ఎవరి మోకాలు ఎలా ఉంది. పాత అలవాటు కొద్దీ ఇంగ్లిషు పెద్ద అక్షరాలతో తెలుగు మాటలు, పొదుపుగా. రాజ్యం ఒకసారి ఇలా రాసింది: "కరెంటు లేదు. బ్యాటరీ ఉంది. కోడలు ఊళ్ళో లేదు. హాయిగా ఉంది."

నిరుడు వానాకాలంలో రాజ్యం పోయింది. జ్వరమని ఆసుపత్రిలో చేర్చారు, తిరిగి రాలేదు. ఆమె లాప్‌టాప్‌ని కొడుకు తెచ్చి సుబ్బారావు గారికి ఇచ్చేశాడు. ఆయన అందులో ఉన్నదంతా తుడిచేసి, చీరాలలో మగ్గాల మీద వ్యాపారం చేసుకునే తన అల్లుడికి ఇచ్చారు. ఇప్పుడు అందులో చీరల అంచులు, డిజైన్లు తప్ప మరేమీ లేవు. అది నేను స్వయంగా చూశాను. ఎప్పుడు చూశానో తర్వాత చెబుతాను.

ఇప్పుడు అసలు మాట.

టెలిగ్రాముల కాలం తెలిసినవాళ్ళకు సీరియస్ అన్న మాట గురించి చెప్పనక్కర్లేదు. తెలియని వాళ్ళ కోసం రాస్తున్నాను. మన వైపు ఎవరైనా పోతే పోయారని టెలిగ్రాం ఇచ్చేవారు కాదు. సీరియస్, వెంటనే బయల్దేరండి అని ఇచ్చేవారు. అందుకునేవాళ్ళకు దాని అర్థం తెలుసు. కాగితం చూడగానే ఆడవాళ్ళు గొల్లుమనేవారు. మగవాళ్ళు తెల్ల పంచెలు సంచిలో పెట్టుకుని, ఎలాగూ చూసేది శవాన్నే కదా అని వీలైన బండికి బయల్దేరేవారు.

దీనివల్ల చిక్కు ఎవరికంటే, నిజంగా సీరియస్‌గా ఉన్నవాళ్ళకి. రేపల్లె దగ్గర ఒక పల్లెటూళ్ళో ఒకాయన కొన ఊపిరితో కూతురి కోసం ఎదురు చూశాడు. కూతురు తెనాలిలో ఉంది. సీరియస్ అని టెలిగ్రాం అందింది. పోయాడనుకుని ఆమె మర్నాడు అందరితో కలిసి నిదానంగా వెళ్ళింది. అప్పటికి కాసేపటి కిందటే ప్రాణం పోయిందట. ఆ టెలిగ్రాం పంపింది రాజ్యం, అందుకుని రాసింది నేను.

ఆ తర్వాత రాజ్యం ఒక పద్ధతి పెట్టింది. కౌంటరు దగ్గరికి సీరియస్ అని రాసుకొచ్చిన మనిషిని మెల్లగా అడిగేది, "ప్రాణం ఉందా అన్నయ్యా?" అని. ఉందంటే, టెలిగ్రాం అయిపోయాక నా కోసం విడిగా మూడక్షరాలు కొట్టేది. ఇంగ్లిషులో ఎన్, జే, ఎమ్. నిజం అన్న మాటకు అచ్చులు తీసేసిన ముక్క. అది వస్తే నేను లేచి నిలబడి డెలివరీ మనిషిని కేకేసి, "ఇది ముందు ఇచ్చిరా. ఇంకా ఉన్నారు, పరుగెత్తమని చెప్పు" అనేదాన్ని.

ఇది రూల్సు ఒప్పుకునే పని కాదు. తీగ మీద సొంత మాటలు కొట్టకూడదు. అందుకే మేం ఎవరికీ చెప్పలేదు. డెలివరీ మనిషికి నా కేక తెలుసు గానీ ఆ అక్షరాలు తెలియవు. తర్వాత వచ్చిన సుబ్బారావు గారికి తెలియదు. మా ఆయనకు కూడా తెలియదు. తప్పు చేశానని నేను అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. ఎంతమంది ప్రాణం ఉండగా వెళ్ళి కళ్ళారా చూసుకున్నారో నాకు తెలుసు.

నల్ల తెర వచ్చాక మేమిద్దరం ఆ మూడక్షరాలు ఎన్నడూ వాడలేదు. అవసరం రాలేదు. ఇప్పుడు చావు కబురైనా బతుకు కబురైనా ఫోన్లోనే కదా.

ఈ వేసవి మొదట్లో ఒక మధ్యాహ్నం, భోజనాలయ్యాక, బాపట్ల నుంచి మా అక్క కొడుకు మురళి ఫోన్ చేశాడు.

"పిన్నీ, అమ్మకి కొంచెం సీరియస్‌గా ఉందండి. మీరూ బాబాయి గారూ రండి."

"ఎలా ఉందిరా?"

ఏడ్చేశాడు. తర్వాత, "మీరు రండి పిన్నీ. కంగారేం లేదు. నిదానంగానే రండి" అని పెట్టేశాడు.

నిదానంగా రమ్మన్నాడు. ఏడుస్తూ అన్నాడు. జీవితమంతా ఆ మాటలు చదివినదాన్ని, ఇంకేం అర్థం చేసుకుంటాను. అక్క పోయింది. మళ్ళీ ఫోన్ చేసి, మీ అమ్మ ఉందా పోయిందా అని కన్నకొడుకుని అడిగే మనిషిని కాను.

అక్క అంటే నాకు అమ్మే. అమ్మ చిన్నప్పుడే పోతే నన్నూ తమ్ముణ్ణీ పెంచింది ఆమె. ఆడపిల్ల రాత్రి డ్యూటీలు చేయడమేంటని చుట్టాలంతా అంటే, "మీ ఇంట్లో చావు కబురు రాత్రి రాదా? దాన్ని ఎవరో ఒకరు అందుకోవాలి కదా" అని నన్ను ఉద్యోగంలోకి పంపింది ఆమె. రోజూ ఫోన్లో మాట్లాడుకునేవాళ్ళం. చెప్పుకోకుండా మిగిలిన రహస్యాలేమీ మా మధ్య లేవు. ఒక్కసారి చూడాలి, అంతే. ఆ చూపు దక్కలేదని కుర్చీలో కూర్చుండిపోయాను.

కొల్లిపరలో మా తమ్ముడు ప్రసాదుకి ఫోన్ చేశాను. "పెద్దక్క సీరియస్ అంటరా" అన్నాను.

"సీరియస్సా" అన్నాడు. వాడూ ఆ కాలం వాడే. "సరే అక్కా. పొద్దున్నే కారు మాట్లాడతాను. మిమ్మల్ని తెనాలిలో ఎక్కించుకుంటాను. ఇప్పుడెళ్ళి మాత్రం చేసేదేముంది."

నేనూ సరే అన్నాను.

సుబ్బారావు గారు బాపట్లలో మా అక్క వాళ్ళ వీధిలోనే ఉంటారు. కానీ ఆరోజు ఆయన కంటి ఆపరేషనుకి గుంటూరు వెళ్ళారు. సరిగ్గా ఆ వేళకు ఆపరేషను బల్ల మీద ఉన్నారు. తిరిగొచ్చాక చూసుకుంటారని నల్ల తెర తెరిచి ఒక ముక్క కొట్టాను. "అక్క సీరియస్. పొద్దున బయల్దేరుతున్నాం." ఎంటరు నొక్కాను. లింకు వచ్చింది.

మా ఆయన వెనకాలే నిలబడి, ఏ చొక్కా పెట్టుకోవాలో అడుగుతున్నారు. తెల్లదానికి గుండీ ఊడింది, గళ్ళది వేసుకుంటే బాగుండదేమో అని. నేను జవాబు చెబుతూనే జాబితా కమాండు కొట్టాను. పంపాక అందిందో లేదో చూసుకోవడం నా అలవాటు.

నా రాత అందింది. దాని కింద ఇంకొకటి ఉంది.

పైన రేపల్లె అని ఉంది. లోపల ఎన్‌జేఎం. అంతే.

పాతది ఎక్కడో పైనుంచి జారి కిందికి వచ్చిందేమో అనుకుని పై నుంచి వరస మళ్ళీ చూశాను. లేదు. నా రాత తర్వాతే వచ్చింది. కిటికీ పక్కన కూర్చుని, పట్టపగలు, కళ్ళజోడు తుడుచుకుని చూశాను.

ఇలాంటివి రాసేవాళ్ళంతా వెన్నులో చలి పుట్టిందని, గొంతు తడారిపోయిందని రాస్తారు. నాకు అలాంటిదేమీ లేదు. నాకు వచ్చింది ఉద్యోగపు అలవాటు. ఆ మూడక్షరాలు కనిపిస్తే లేచి నిలబడాలి. నిలబడ్డాను.

"ఏవండీ, చొక్కా ఏదో ఒకటి వేసుకోండి. స్టేషనుకి పోతున్నాం."

"పొద్దునన్నావు కదా?"

"అక్క ఉంది."

"మురళి చేశాడా?"

తెర చూపించాను. ఆయన వంగి చదివారు. "ఎన్‌జేఎం. ఏంటిది పద్మా, కొత్త పార్టీయా?"

"దారిలో చెబుతాను, ముందు పదండి."

ఆటోలో నుంచి తమ్ముడికి ఫోన్ చేశాను. "పెద్దక్క ఉందిరా. కారు పొద్దునకి వద్దు, ఇప్పుడే బయల్దేరు."

"ఎవరు చెప్పారు?"

"తెలిసింది."

"మురళితో మాట్లాడావా?"

"లేదు."

"మరి ఎలా తెలిసింది?"

నేను ఏం చెప్పను. రాజ్యం చెప్పిందని చెప్పనా. "తెలిసిందిరా, నా మాట విని బయల్దేరు" అన్నాను.

"అక్కా, నీకు బాధగా ఉంది, నాకు తెలుసు. ఫోన్ బావకివ్వు." ఆయనకిచ్చాను. "మీ అక్క చెబుతోందిగా ప్రసాదూ, వచ్చేయ్" అన్నారు ఆయన. "పొద్దున్నే వస్తాను బావా, కారు చెప్పేశాను. ఆవిడ్ని జాగ్రత్తగా చూసుకోండి" అన్నాడట.

ప్యాసింజరు దొరికింది. చుండూరు దాటాక మా ఆయనకి ఎన్‌జేఎం సంగతంతా చెప్పాను. ఆయన దయ్యం గురించి ఒక్క మాట అడగలేదు. "అంటే ఇన్నేళ్ళూ నాకు చెప్పలేదన్నమాట" అన్నారు. నిడుబ్రోలు దాకా అదే మాట. తర్వాత జేబులోంచి తన బటన్ల ఫోన్ తీసి, "మురళిని అడిగేద్దామా?" అన్నారు.

వద్దన్నాను. లేదంటాడేమోనని భయం. అడగనంతసేపూ అక్క ఉన్నట్టే కదా.

బాపట్లలో దిగి నేరుగా అక్క వాళ్ళింటికి వెళ్ళాం. వీధి మలుపు తిరగ్గానే ఆయన నా చెయ్యి పట్టుకుని, "టెంటు లేదు" అన్నారు. టెంటు లేదు, వాకిట్లో కుర్చీలు లేవు, నిప్పు లేదు, మనుషులు లేరు. ఇంటికి తాళం వేసి ఉంది. పక్కింటావిడ గోడ మీంచి చూసి, "ఆసుపత్రిలో ఉన్నారండి. పొద్దున పడిపోయారంట పెద్దావిడ" అని చెప్పింది.

ఉన్నారంది. పడిపోయారంది. పోయారనలేదు.

ఆసుపత్రి మెట్ల మీద మురళి టీ తాగుతూ కనిపించాడు. మమ్మల్ని చూసి తెల్లబోయాడు.

"ఏంటి పిన్నీ, పొద్దున వస్తారని మావయ్య చెప్పాడే?"

"నువ్వు సీరియస్ అన్నావు కదరా."

"అవును. సీరియస్సే. డాక్టరు కష్టమంటున్నారు."

"మరి నిదానంగా రమ్మన్నావు?"

"ఈ వయసులో కంగారుగా బస్సు ఎక్కబోయి పడతారేమోనని అన్నాను. సీరియస్ అంటే సీరియస్సే కదా పిన్నీ, ఇంకేముంటుంది?"

వాడిని తప్పు పట్టలేదు. వాడు ఒక్క టెలిగ్రాం కూడా అందుకున్న మనిషి కాడు.

లోపల అక్క మెలకువగానే ఉంది. మొహానికి ఆక్సిజన్ మాస్కు. నన్ను చూసి దాన్ని పక్కకి లాగింది. నర్సు వద్దంటున్నా వినలేదు.

"నువ్వు పొద్దునగా వచ్చేది" అంది. మాట సన్నగా ఉన్నా స్పష్టంగా ఉంది. "ఉన్నానని ఎవరు చెప్పారే?"

అబద్ధం ఆడదామనే అనుకున్నాను. నోట్లోంచి అదే వచ్చేసింది. "రాజ్యం చెప్పింది."

అక్క తల ఊపింది. "అన్నం తిని పొమ్మను" అంది.

రాజ్యం ఎప్పుడు బాపట్ల వచ్చినా అక్క అన్నం పెట్టకుండా పంపేది కాదు. అది నిజమే. కానీ రాజ్యం పోయిందని అక్కకు తెలుసు. రేపల్లెలో పెద్దకర్మకు నాతో కలిసి వచ్చింది, ఆ కోడల్ని పట్టుకుని ఓదార్చింది. మందుల మగతలో అందా, తెలిసే అందా, నేను అడగలేదు. అడిగి తెలుసుకోవడానికి అదా సమయం.

ఆ సాయంత్రమంతా ఆమె పక్కనే ఉన్నాను. కాళ్ళు పిసికాను. దుప్పటి గరుగ్గా ఉందని, కోడలు పప్పులో పులుపు ఎక్కువ వేస్తుందని చెప్పింది. "తమ్ముడేడి?" అని రెండు మూడు సార్లు అడిగింది. వస్తున్నాడని చెప్పాను. తెల్లవారేముందు నా చెయ్యి పట్టుకునే పోయింది. కొల్లిపర నుంచి కారు వచ్చేసరికి ఆమెను ఇంటికి తీసుకొచ్చి పడుకోబెట్టేశాం. వాకిట్లో టెంటు వేస్తున్నారు.

ప్రసాదు చాలాసేపు గడప మీదే కూర్చున్నాడు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "నీకెలా తెలిసింది?" అన్నాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. వాడి మొహం ఎర్రబడింది.

"అదే నిజమైతే నాకు గట్టిగా చెప్పాలిగా. తెలిసింది, తెలిసింది అంటే ఏమనుకోవాలి?"

"బయల్దేరమన్నాను. నువ్వు ఫోన్ బావకిమ్మన్నావు."

"అసలు ఏమీ వచ్చి ఉండదు. నీకే మనసాగక అప్పుడే వెళ్ళిపోయి, తర్వాత ఇదంతా కల్పించావు."

కర్మకు వచ్చిన చుట్టాల్లో ఈ మాట అటూ ఇటూ తిరిగింది. మురళి ఎంతో మర్యాదగా, "పిన్నీ, మీరే కొట్టి మర్చిపోయి ఉంటారు. ఈ వయసులో మామూలే. ఒకసారి తలకి స్కానింగు తీయిద్దాం" అన్నాడు. వాడి భార్య నన్ను వంటింట్లోకి తీసుకెళ్ళి, తెలిసినాయన ఒకరున్నారని, తాయెత్తు కట్టించుకుంటే రాజ్యం గారు మళ్ళీ రారని చెప్పింది. ఇద్దరికీ ఒకటే చెప్పాను, నాకు తాయెత్తూ వద్దు, స్కానింగూ వద్దు. కంప్యూటరు సంగతి కంప్యూటరు తెలిసిన మనిషి చూడాలి.

కళ్ళు బాగుపడ్డాక సుబ్బారావు గారు నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తెనాలి వచ్చారు. మేం రాసేవన్నీ చేరే చోటు ఆయన అద్దెకు తీసుకున్నదే కనుక, ఏ రాత ఏ తాళంచెవితో, ఏ కనెక్షను మీద వచ్చిందో ఆయన చూడగలరు. చూశారు. చాలాసేపు చూశారు.

"తాళంచెవి రాజ్యలక్ష్మి గారిదేనండి. అనుమానం లేదు."

"ఎక్కణ్ణించి వచ్చింది?"

ఆయన కళ్ళద్దాలు తీసి మళ్ళీ పెట్టుకున్నారు. "మీ ఇంట్లోంచేనండి. మీ కనెక్షను మీదే వచ్చింది."

మా ఆయన పత్రిక మడిచి పక్కన పెట్టేశారు. ఇది మురళికి తెలిస్తే, మీరే కొట్టారని నేను చెప్పలేదా పిన్నీ అంటాడు. అననీ. నా కంప్యూటర్లో రేపల్లె తాళంచెవి లేదు, ఎన్నడూ లేదు. సుబ్బారావు గారు మూలమూలా వెతికారు. మేడ మీద అద్దెకుండే కుర్రాడు మా కనెక్షను వాడుకుంటాడు. ఆ వేళకి అతను ఆఫీసులో ఉన్నాడు, గదికి తాళం. ఉన్నాడే అనుకుందాం. తాళంచెవి ఎవరిచ్చారు? ఆ మూడక్షరాలు ఎవరు చెప్పారు? మా ఆయనది బటన్ల ఫోను. పైగా నా వెనక నిలబడి గుండీ గురించి మాట్లాడుతున్నారు. నేను కొట్టి ఉంటే ఆ మాటల మధ్యలో, ఆయన చూస్తుండగా, లేని తాళంచెవితో కొట్టాలి.

మర్నాడు చీరాల వెళ్ళి రాజ్యం లాప్‌టాప్ చూశాం. సుబ్బారావు గారి అల్లుడు ముందు పెట్టాడు. అంచుల డిజైన్లు తప్ప అందులో ఏమీ లేదు. ఆ తాళంచెవి నకలు తన దగ్గర కూడా లేదని సుబ్బారావు గారు ఒట్టేసినట్టు చెప్పారు. ఒట్టు అక్కర్లేదు, ఆ వేళకు ఆయన కన్ను డాక్టరు చేతిలో ఉంది.

తిరిగొచ్చాక ఆయన మా బల్ల ముందు కూర్చుని, "ఒక పని చేద్దామండి. ఎవరి చేతికో చిక్కి ఉంటుంది. ఆ తాళంచెవి రద్దు చేసేస్తాను. ఇక దాంతో ఎవరూ ఏమీ పంపలేరు" అన్నారు. అది సరైన సలహా. ఆయన స్థానంలో ఉంటే నేనూ అదే చెప్పేదాన్ని.

"వద్దండి" అన్నాను.

"దొంగ అయితే?"

"మా అక్క బతికుందని చెప్పి వెళ్ళే దొంగని నేనెక్కడా వినలేదండి. అలాంటివాడుంటే తలుపు తీసే ఉంచుతాను."

"దొంగ కాకపోతే?" అన్నారు మెల్లగా.

"కాకపోతే అసలే వద్దు."

మా ఆయన నవ్వి, "రేపల్లె ఆఫీసు ఉంటుంది లెండి సుబ్బారావు గారూ. ఇంచార్జి సెలవులో ఉన్నారు, అంతే" అన్నారు.

నాకు లెక్క తేలలేదు. చీమల్ని వెతికాను, దొరకలేదు. రాజ్యం వచ్చిందని నేను అనను. పోయినవాళ్ళు వచ్చి టైపు చేస్తారంటే నమ్మను. అలాగని నువ్వే కొట్టుకున్నావంటే ఒప్పుకోను. ఆ రెండు కాక మూడోది ఏదో ఉండాలి, అది నాకు తెలియదు. తెలియదని రాయడానికి నాకేమీ సిగ్గు లేదు. ఆ తర్వాత రేపల్లె నుంచి ఇంకేమీ రాలేదు.

మొన్న మధ్యాహ్నం ప్రసాదు ఫోన్ చేశాడు. మరదలికి గుండెలో నొప్పి వస్తే తెనాలి ఆసుపత్రికి తెచ్చారట. అక్క కర్మ తర్వాత వాడు నాతో సరిగ్గా మాట్లాడింది లేదు.

"సీరియస్సేనంట అక్కా" అన్నాడు. "రేపల్లె నుంచి ఏమన్నా వచ్చిందా?"

నేను నల్ల తెర దగ్గరకు వెళ్ళలేదు. కాళ్ళకు చెప్పులు వేసుకుంటున్నాను.

"చూళ్ళేదురా" అన్నాను. "వచ్చినా రాకపోయినా నేను బయల్దేరాను."